ఆసుపత్రి గోడలలోని రాతినార

1899 వ సంవత్సరమున లండను నగరమందలి ఛేరింగ్ క్రాస్ ఆసుపత్రికి ముప్పదిమూడేండ్ల శ్రామికుడొకడు, నాలుగడుగులు వేసిన మాత్రముననే రొప్పుచు, మాటకు మాటకు నడుమ ఊపిరి కూడదీసికొనుచు వచ్చి, డాక్టరు మాంటేగ్ మర్రీ యను వైద్యునికి తన బాధ చెప్పుకొనెను. అతడు పదునాలుగేండ్లపాటు రాతినార (ఆస్‌బెస్టాస్) పరిశ్రమలో పనిచేసినవాడు. అందు మొదటి పదేండ్లు, దూదిని ఏకినట్లు యంత్రములతో ఆ నారను ఏకెడి గదిలో గడిపినవాడు. ఆ గదిలో పనిచేసిన పదిమందిలో తానొక్కడే బ్రతికియున్నాడనియు, తక్కినవారందరు ముప్పదేండ్ల ప్రాయము అటునిటుగా కాలధర్మము చెందిరనియు అతడు వైద్యునితో చెప్పెను. మరుసటి యేట అతడును మరణించెను. శవపరీక్షలో ఊపిరితిత్తులు గట్టిపడి మచ్చలుకట్టి యుండుటయు, వానిలో రాతినార సూదులుండుటయు తేటపడెను. పనివలన కలుగు రోగములకు నష్టపరిహారమిచ్చు విషయమై ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము ఎదుట 1906 వ సంవత్సరమున మర్రీ ఈ వృత్తాంతమును నివేదించెను. నివేదించి, ఇటీవల కర్మాగారములలో ధూళిని అరికట్టుటకు గట్టి యత్నములు జరుగుచున్నవని వినుచున్నాము గావున ఈ రోగము ఇకమీద మునుపటివలె ఉండకపోవచ్చునను ఆశాభావమునుకూడ జతపరచెను. సంఘము ఆ రోగమును పరిహారార్హములగు రోగముల పట్టికలో చేర్చలేదు.

రాతినార రోగచరిత్ర వ్రాయువారనేకులు ఈ ఘట్టముతోడనే ప్రారంభింతురు. కాని దానిని తలచినపుడు నాకు విస్మయము గొలుపునది వేరొకటి యున్నది. ఆ రోగమును మొట్టమొదట గుర్తించినది ఆసుపత్రి. గుర్తించిన పిమ్మట డెబ్బదియేండ్లకు పైగా, ఆ రోగమునకు హేతువైన పదార్థమును తన బాయిలరు గదికిని, తన గొట్టములకును, తన పైకప్పులకును, తన వార్డుల నడిమి గోడలకును ఆదరముతో తెచ్చి పెట్టుకొన్నదియు ఆసుపత్రియే. పై అంతస్తులో శ్వాసకోశ వైద్యుడు ఎక్స్‌రే పటమును వెలుతురునకు పట్టి చూచి తల పంకించుచుండగా, అదే భవనము నేలమాళిగలో ఇంజనీరు అదే పదార్థమును బస్తాలలెక్కన దింపించుకొనుచుండెను. ఒకరి విద్య ఒకరికి చేరలేదు. ఆసుపత్రి రోగి చరిత్రను అక్షరము పొల్లుపోకుండ వ్రాసి దాచుకొన్నది గాని, తన దేహచరిత్రను వ్రాసికొనలేదు. ఈ వ్యాసము ఆ వ్రాయబడని చరిత్రను గూర్చినది.

రాతినార మనకు పరదేశపు వస్తువు కాదు. కడప మండలమున పులివెందుల ప్రాంతమందు, బ్రాహ్మణపల్లె, లింగాల గ్రామముల పొలిమేరలలో, వేంపల్లె పేరిట భూగర్భశాస్త్రజ్ఞులు పిలుచు అతిప్రాచీనమైన డోలమైటు సున్నపురాతి పొరలలోనికి, భూగర్భమునుండి డోలరైటు శిలాద్రవము చొచ్చుకొని వచ్చినచోట, ఆ వేడిమికిని ఆ నీటి చర్యకును రాయి మారి, సన్నని పట్టుపోగులవంటి తెల్లనారగా ఏర్పడినది. దీనికి క్రిసోటైల్ అని పేరు. ఇనుము పాలు తక్కువగా నుండుటచే ఇట్టి నార విద్యుత్సాధనములకు కూడ యోగ్యమైనది. గోటితో గీరిన రాయి పోగులుగా విడివడుట చూచిన పామరునకును పండితునకును సమానముగనే ఆశ్చర్యము కలుగును. ఆ పోగు కాలదు, కుళ్లదు, తుప్పుపట్టదు. నేయవచ్చును, పిసుకవచ్చును, సిమెంటులో కలిపి పలకలుగా పోయవచ్చును. అగ్నికి లొంగని ఈ నారను ప్రాచీనులెరుగుదురు. ఏథెన్సు నగరమున దేవీమందిరములో వెలుగు బంగారు దీపపువత్తి రాతినారదే యని గ్రీకు యాత్రికుడు పాసేనియస్ వ్రాసినాడు; నిప్పులో నివసించు జంతువు చర్మముతో చేసినదని జనులు నమ్ముచుండిన వస్త్రము నిజమునకు కొండను త్రవ్వి తీసిన నారతో నేసినదేనని మార్కోపోలో తేటపరచినాడు. అయినను వేల యేండ్లపాటు ఇది వింతవస్తువుగనే యుండెను; లోకము దీనిని మూటలకొలది కోరునట్లు చేసినది ఆవిరియంత్రము.

ఆవిరి గొట్టములనుండి వేడిమి వృథాగా పోకుండుటకు ఏదేని చుట్టవలెను. ఆ చుట్టినది ఆవిరి వేడికి మాడరాదు. 1870 వ దశకాంతమున కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రమందు థెట్‌ఫర్డ్ గనులు తెరువబడుటతో ఆ కోరిక తీరెను. ఇంగ్లండునందు రాచ్‌డేల్ పట్టణము ప్రత్తినూలునకు తోడు రాతినూలును యంత్రములపై వడక మొదలిడెను. ఇరువదవ శతాబ్దారంభమున ఆస్ట్రియా దేశీయుడగు లుడ్విగ్ హాట్‌షెక్ సిమెంటు నీటిలో ఈ నారను కలిపి, కాగితము తీసినట్లు పలుచని పొరలుగా తీసి రేకులు చేయు విధానమునకు హక్కులు సంపాదించెను. నేడు మన పల్లెలలో రేకుల ఇల్లు అనబడునది ఆ ఆస్ట్రియా వాని సంతతియే. దక్షిణాఫ్రికానుండి నీలిరంగుదియు గోధుమరంగుదియునగు మరి రెండు జాతుల నారలు వచ్చి చేరెను. క్రోసిడొలైట్, ఆమొసైట్ అను ఈ రెండును తెల్లనారకంటె నిటారైన సూదులు గలవి. ఊపిరితిత్తులలో చేరినచో కరుగుట మరింత ఆలస్యము గలవి. ఆ కారణముననే మరింత మారకములు.

ఇక ఆసుపత్రి సంగతి. ఆసుపత్రి యనగా మంచములు, వైద్యులు, నర్సులు అని మనము తలంతుము. దానిని నడుపువాని దృష్టిలో అది ముందుగా ఒక ఆవిరి కర్మాగారము. చలిదేశమున వార్డులు వెచ్చగా నుంచవలెను, శస్త్రచికిత్స పనిముట్లను ఆవిరిలో శుద్ధిచేయవలెను, వేలకొలది దుప్పట్లు దినదినము ఉతుకవలెను, వందలమందికి వండవలెను. ఇన్నిటికిని ఒకే బాయిలరు గదినుండి పుట్టిన ఆవిరి, నేలక్రింది సొరంగములవెంబడి, మైళ్లకొలది గొట్టములలో ప్రవహించి, ప్రతి వార్డు క్రిందను, ప్రతి నడవ కప్పుపైనను ప్రాకుచుండును. ఆ గొట్టమంతటికిని కట్టు కట్టవలెను. కట్టు కట్టువారు మెగ్నీషియా పొడిలో నూటికి పదునైదుపాళ్లు రాతినార కలిసిన బస్తాను విప్పి, బకెట్టులో కుమ్మరించి, నీళ్లు పోసి, మోచేతివరకు చేయి పెట్టి పిసికి, ముద్దచేసి, గొట్టముపై అలికి, దానిపై గుడ్డ చుట్టి రంగు పూయుచుండిరి. బస్తా కుమ్మరించినపుడు లేచిన తెల్లని ధూళిలో ప్రక్కవాని ముఖము కనబడకుండెడిదని ఆ పనిచేసిన వృద్ధులు పిదప న్యాయస్థానములలో చెప్పిరి. సాయంకాలము ఊడ్చిన చెత్త సొరంగపు మూలలలోనే యుండిపోయెడిది. ఏండ్లు గడచి గొట్టము కారినపుడు, బాగుచేయవచ్చిన పనివాడు పాత కట్టును సుత్తితో పగులగొట్టి అక్కడనే పడవేసి, క్రొత్త కట్టు కట్టి పోయెడివాడు. అదే సొరంగము వానకాలమున ఒక భవనమునుండి మరియొక భవనమునకు పోవు నర్సులకును, వైద్యవిద్యార్థులకును, శవములను మోసికొనిపోవు సేవకులకును అడ్డదారి.

ఆవిరికి తోడు నిప్పు భయము. మంచమునుండి లేవలేని వారితో నిండిన భవనమున అగ్నిప్రమాదము సంభవించినచో ఏమగునో ఊహింపుడు. ఆ భయము నిరాధారమైనది కాదు. రాతినారను తెచ్చినవారు దుష్టులు కారు. రోగులను కాపాడవలెనను సదుద్దేశముతోడనే ఇనుపదూలములపై నారను నీటితోను జిగురుతోను కలిపి గొట్టముతో చల్లు పద్ధతిని 1930 వ దశకమునుండి అవలంబించిరి. ఈ చల్లిన పూతలో నూటికి ఎనుబదియైదు పాళ్లవరకు నారయే యుండును. చేతితో తాకిన రాలును. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి, బాంబుల దెబ్బలు తినబోవువారి కొరకు ఊరి వెలుపల హడావుడిగా కట్టిన తాత్కాలిక వార్డులకు సిమెంటు రేకులే కప్పులాయెను. తాత్కాలికమనునది ప్రభుత్వ భాషలో ఎంత దీర్ఘమైన కాలమో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

1948 వ సంవత్సరము జూలై 5 వ తేదీన బ్రిటిషు జాతీయ ఆరోగ్యసేవ ఆరంభమైనపుడు ప్రభుత్వమునకు వారసత్వముగా వచ్చినవి విక్టోరియా రాణి కాలపు భవనములును, బీదల ఆశ్రమములును, ఈ యుద్ధకాలపు పాకలును. పదునాలుగేండ్లకు, 1962 లో, ఆరోగ్యమంత్రి ఈనాక్ పవెల్ పదేండ్లలో 90 క్రొత్త ఆసుపత్రులు కట్టుదుమనియు, మరి 134 ఆసుపత్రులను సమూలముగ సంస్కరింతుమనియు ప్రణాళిక ప్రకటించెను. అనుకొన్నవన్నియు అనుకొన్న గడువులో కాలేదు గాని, కట్టినవి మాత్రము ఆ కాలపు పద్ధతిలో కట్టిరి: సిద్ధముగ పోసి తెచ్చిన కాంక్రీటు చట్రము, నడుమ తేలిక గోడలు, పైన గొట్టములను దాచు అంతఃకప్పు. ఆ తేలిక గోడలకును, లిఫ్టుబావులకును, తలుపులకును, అంతఃకప్పు పలకలకును ఆమొసైట్ కలిపిన మెత్తని బోర్డు అత్యంత అనువైనది. రంపముతో చెక్కవలె కోయవచ్చును, మేకు కొట్టవచ్చును. రాతినార వాడుక అత్యున్నతదశ నందిన కాలమును, బ్రిటను ఆసుపత్రులను విరివిగ కట్టిన కాలమును ఒక్కటియే. ఉస్మానియా, గుంటూరు, విశాఖ వైద్యకళాశాలలలో పట్టము పొంది ఓడలును విమానములును ఎక్కి పోయి ఆ ఆసుపత్రులలో రాత్రింబవళ్లు సేవచేసిన మన తెలుగు వైద్యుల తరము నడచినవి ఆ నడవలే, నిదురించినవి ఆ ఆవరణలలోని వసతిగృహములే. ఈ చరిత్రలో వారికిని ఒక పాలు కలదు.

మరి అప్పటికి తెలిసినదెంత? చాలయే తెలిసినది. 1898 లోనే కర్మాగార పరీక్షాధికారిణియగు లూసీ డీన్ రాతినార ధూళిని సూక్ష్మదర్శినిక్రింద పరీక్షింపించి, ఆ కణములు గాజుపెంకులవలె వాడిగ నున్నవని నివేదికలో వ్రాసెను. 1924 లో రాచ్‌డేల్‌నందు రాతినూలు వడకిన నెల్లీ కెర్షా ముప్పదిమూడేండ్లకే మరణింపగా, ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టరు కుక్ ఆ సంగతిని బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించి, మూడేండ్లకు ఆ రోగమునకు ఆస్‌బెస్టోసిస్ అని నామకరణము చేసెను. 1930 లో మెరివెదర్, ప్రైస్ అనువారు 363 మంది శ్రామికులను పరీక్షించి వారిలో 95 మందికి ఊపిరితిత్తులు గట్టిపడినవని తేల్చిరి. మరుసటి యేటనే నిబంధనలు వెడలెను. కాని ఆ నిబంధనలు నారను నూలుగను, పలకగను మార్చు కర్మాగారముల కొరకు. ఆ పలకను కొని ఆసుపత్రి నడవలో రంపముతో కోయు వడ్రంగి ఆ నిబంధనల దృష్టికి రాలేదు. వస్తువు కర్మాగారపు గడప దాటినంతనే అందలి విషము విరిగిపోవునని శాసనకర్తలు తలంచినట్లు తోచును.

1955 లో రిచర్డ్ డాల్ అను బ్రిటిషు వైద్యపరిశోధకుడు రాతినార శ్రామికులలో ఊపిరితిత్తుల క్యాన్సరు అధికముగ నున్నదని రుజువుచేసెను. 1960 లో వాగ్నరు మొదలగు పరిశోధకులు దక్షిణాఫ్రికా నీలినార గనుల ప్రాంతమునుండి, ఊపిరితిత్తులను కప్పియుండు పొరకు వచ్చు మీసోథీలియోమా అను అరుదైన క్యాన్సరు 33 మందికి వచ్చిన సంగతిని వెల్లడించిరి. వారిలో గనిపని ఎన్నడు చేయక, ఆ ప్రాంతమున బాల్యము గడపిన మాత్రముననే రోగము తెచ్చుకొన్నవారును గలరు. అటుపిమ్మట వచ్చినది నా దృష్టిలో ఈ చరిత్రయందెల్ల మిక్కిలి గమనింపదగిన పరిశోధన. 1965 లో మ్యూరియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అను ఇరువురు స్త్రీలు, లండన్ హాస్పిటల్ అనబడు ప్రాచీన వైద్యాలయపు దస్తావేజులలో యాబదేండ్ల మీసోథీలియోమా రోగుల వివరములను వెలికితీసి, 76 మంది పని చరిత్రను, నివాస చరిత్రను సేకరించిరి. 31 మంది ఆ పని చేసినవారు. 9 మంది ఆ పని చేయువారి ఇంటివారు, అనగా పనివాని దుమ్ముబట్టిన బట్టలు ఉతికిన ఇల్లాండ్రు, అక్కచెల్లెండ్రు మొదలగువారు. తక్కినవారిలో 11 మంది కర్మాగారమునకు అరమైలు లోపల కాపురమున్నవారు.

ఆ పరిశోధన ఎట్లు సాధ్యమయ్యెను? ఆసుపత్రి, రోగి చనిపోయినను, అతని కాగితములను పారవేయక యాబదేండ్లు దాచెను గనుక. రోగము దేహమున ప్రవేశించిన పిదప ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు యాబదేండ్లకు గాని బయటపడదు. అంత కాలము ఎవ్వరు జ్ఞాపకముంచుకొందురు? కాగితము జ్ఞాపకముంచుకొనును. ఇంతటి దస్తావేజుల సంప్రదాయముగల ఆసుపత్రులలో, ఏ గోడలో ఏ పలక యున్నదో, ఏ గొట్టమునకు ఏ కట్టు కట్టిరో తెలుపు కాగితమొక్కటియు దాదాపుగ లేకపోవుటను ఏమనవలెను? కంట్రాక్టరు పోయెను, ఇంజనీరు పదవి విరమించెను, నీలిపటములు చెదలపాలాయెను. గోడకు మేకు కొట్టవచ్చిన పనివానికి చెప్పగలవాడెవ్వడును మిగులలేదు.

తరువాతి కథను కొంత వేగముగ చెప్పుదును. బ్రిటనులో 1969 నాటి నిబంధనలు భవనములలో పనిచేయువారికిని వర్తించెను. 1982 లో రాతినార వ్యాధిగ్రస్తుల దుఃఖమును చూపిన టెలివిజన్ చిత్రమొకటి దేశమును కదలించెను. అంతట తీసివేయుడు, తీసివేయుడను కేకలు పుట్టెను. నేర్పులేని కూలీలు గడ్డపారలతో పెరికిరి. నిదురించుచుండిన నార లేచి గదులనిండ వ్యాపించెను. తీసివేతకు పూర్వముకంటె తరువాతనే గాలిలో పోగులు హెచ్చుగ నున్న చోట్లు బయటపడెను. 1983 లో లైసెన్సు లేనివారు ఈ పని చేయరాదని కట్టడిచేసిరి. 1985 లో నీలి, గోధుమ జాతులను, 1999 లో తెల్లనారను నిషేధించిరి. అయినను నిషేధము రాబోవు గోడలకే గాని ఉన్న గోడలకు కాదు. 1995 లో జూలియన్ పీటో అను గణాంకవేత్త మరణ పట్టికలను శోధించి, ఇకమీద మీసోథీలియోమాతో చనిపోవువారిలో అధికులు కర్మాగార శ్రామికులు కారనియు, వడ్రంగులు, ప్లంబర్లు, కరెంటుపనివారు మొదలగు భవననిర్మాణపు పనివారేననియు చూపెను. 1940 వ దశకమున పుట్టి, ముప్పదేండ్లు నిండకమున్నే పదేండ్లకుపైగ వడ్రంగము చేసిన బ్రిటిషు పురుషులలో ఇంచుమించు పదునేడుగురికొకడు ఈ రోగమునకు బలియగునని తరువాతి గణనలు చెప్పినవి. ఆ దేశమున నేటికిని ఏటా రెండువేలకు మించినవారు మీసోథీలియోమాతో మరణించుచున్నారు.

ఈ అనుభవములనుండి పుట్టినదే 2002 వ సంవత్సరపు నిబంధన. 2004 మే నెలనుండి అమలుజరిగినది. దాని సారమిది: నివాసగృహము గాని ప్రతి భవనమునకును బాధ్యుడైనవాడు అందు రాతినార ఎచ్చట నున్నదో కనుగొనవలెను, లేదని రుజువు కానంతవరకు ఉన్నదనియే భావింపవలెను, ఏ స్థితిలో నున్నదో వ్రాసి రిజిస్టరు పెట్టవలెను, హాని చేయని స్థితిలో నున్న దానిని కదలింపక, పూత పూసియో, పెట్టె కట్టియో, చీటి అంటించియో ఉంచి, మరల మరల చూచుచుండవలెను, అన్నిటికంటె ముఖ్యముగ, గోడను తాకబోవు ప్రతివానికి పని మొదలిడకమున్నే ఆ రిజిస్టరు చూపవలెను. ఇంత సామాన్యమైన విషయమును కనుగొనుటకు మర్రీ నాటినుండి నూరేండ్లు పట్టినది.

సామాన్యమంటిని గాని ఆసుపత్రిలో ఆచరణ సామాన్యము కాదు. పాఠశాలకు వేసవి సెలవులుండును, కచేరికి ఆదివారముండును, ఆసుపత్రికి తలుపు మూయు దినము లేదు. ఒక వార్డు పైకప్పులోని పలకలను తీయవలెనన్నచో ముందుగా ఆ వార్డులోని రోగులను మరియొకచోటికి చేర్చవలెను. ఆ మరియొకచోటు ఎప్పుడును నిండియే యుండును. గది యంతటికిని దళసరి ప్లాస్టిక్కు డేరా కట్టి, లోని గాలిని యంత్రముతో పీల్చి వడగట్టి బయటకు వదలుచు, డేరా లోపలి గాలిపీడనము ఎల్లప్పుడు బయటికంటె తక్కువగ నుండునట్లు చూడవలెను. అట్లైన గాలి లోపలికే పోవును గాని బయటకు రాదు. పనివారు ముసుగులు ధరించి, మూడు గదుల ద్వారముగుండ పోయివచ్చి, స్నానముచేసి గాని వెలుపలికి రారాదు. నారను తడిపి తీయవలెను. రెండు సంచులలో కట్టవలెను. పని ముగిసిన పిదప స్వతంత్ర పరీక్షకుడు కంటితో చూచి, గాలిని వడగట్టి, మిల్లీలీటరునకు 0.01 పోగుకంటె తక్కువ యని లెక్కతేల్చిన మీదటనే డేరా విప్పుదురు. గుండె శస్త్రచికిత్స జరుగు గది ప్రక్కనే, ఆమ్లజని గొట్టమును తెంపకుండ, నిప్పు హెచ్చరిక గంటను ఆర్పకుండ ఇదంతయు చేయవలెను. ఆ వ్యయమునకును ఆ శ్రమకును జంకి, ఉన్నదానిని ఉండనిత్తమని అనేక ఆసుపత్రులు తీర్మానించుకొన్నవనిన వింతలేదు.

ఉండనిచ్చుట తప్పు కాదు. ఉండనిచ్చి మరచుట తప్పు. కంప్యూటరులు వచ్చి, ప్రతి మంచమునకును తీగెలు లాగవలసి వచ్చినపుడు అంతఃకప్పు పలకలను ఎన్నిసార్లెత్తిరో! జాగ్రత్తగ వ్రాసిన రిజిస్టరులు ఇంజనీరు బీరువాలో భద్రముగ నుండగా, రాత్రివేళ కారుచున్న గొట్టమును బాగుచేయ పిలిపించిన బయటి పనివాడు దానిని చూడకనే సుత్తి యెత్తుట ఈ వ్యవస్థలోని ప్రధానమైన చిల్లి. ముసలిదైన భవనమున ఒక లోపము మరియొక లోపమును కదలించును: ఆ ఆసుపత్రులు కట్టిన కాలముననే వాడిన తేలిక కాంక్రీటు పలకలు ఇప్పుడు బలహీనపడి, కప్పులు కూలకుండ ఆసుపత్రులలో ఇనుపస్తంభములు నిలుపవలసివచ్చినది, స్తంభము నిలుపవలెనన్న అంతఃకప్పు విప్పవలెను, విప్పిన ఏమి రాలునో ముందు తెలియవలెను. 2022 లో బ్రిటిషు ప్రతినిధిసభా సంఘమొకటి, నివాసేతర భవనములనుండి నలువదేండ్లలోపల రాతినారను పూర్తిగ తొలగింపవలెననియు, దేశమంతటికి ఒకే రిజిస్టరు ఏర్పరుపవలెననియు సిఫారసు చేసెను. గడువు పెట్టుటకు ప్రభుత్వము అంగీకరింపలేదు. భవనములు ముసలివగుచుండగా, ఉండనిచ్చుటయే శాశ్వతోపాయమనుట నాకు సమ్మతము కాదు. కాని గడువు పెట్టి గడ్డపార పట్టించుటకంటె, మంచి రిజిస్టరుతో వార్డు వెంట వార్డుగ తీయుటయే మేలని నా తలంపు.

మన దేశమున కథ మరియొక విధముగ నడచినది. 1934 లో మధ్యపరగణాలలోని కైమోరునందు ఆస్‌బెస్టాస్ సిమెంటు కర్మాగారము వెలసెను. 1946 లో హైదరాబాదునందు ఏర్పడిన సంస్థ సనత్‌నగరు కర్మాగారమునుండి చార్మినారు గుర్తుతో రేకులను చేసి దక్షిణాపథమంతట వెదజల్లెను. మన చలిలేని దేశమున ఆసుపత్రికి మైళ్లకొలది ఆవిరి గొట్టములు అవసరము కాలేదు గాన, మనకు ముఖ్యముగ వచ్చినది రేకు. జిల్లా ఆసుపత్రి ఆవరణలో రోగుల బంధువులు పడుకొను షెడ్డు, వంటశాల, మందుల గిడ్డంగి, సైకిలు స్టాండు, ఒక్కొక్కచోట వార్డును రేకు నీడనే యున్నవి. రేకులో నార సిమెంటుచే బంధింపబడియుండును గావున, చల్లిన పూతవలె తాకిన మాత్రమున రాలదు. ఈ భేదమును గుర్తింపక రేకు కనబడినంతనే భీతిల్లుట అనవసరము. అయినను జె హుక్కు కొరకు రంధ్రము పొడుచునపుడు, కొలతకు కోయునపుడు, పాచిని తీగెల కుంచెతో గీకునపుడు, తుపాను తరువాత పగిలిన పెంకులను పొడిగ ఊడ్చి పోయునపుడు ఆ బంధము విడును. పాత ఆసుపత్రులలో ఆవిరి బాయిలరులున్నచోట, పాత ఎయిర్ కండిషను గొట్టములున్నచోట చుట్టినదేమో పరీక్షింపక ఎవ్వరును చెప్పజాలరు.

1986 లో భారత ప్రభుత్వము రాతినార గనులకు క్రొత్త కౌళ్లిచ్చుటను, పిదప పాతవానిని పొడిగించుటను నిలిపివేసెను. పులివెందుల గనులు దానితో క్రమముగ అడుగంటెను. దిగుమతి మాత్రము ఆగలేదు. రష్యా మొదలగు దేశములనుండి ఏటా లక్షల టన్నుల తెల్లనార నేటికిని మన రేవులలో దిగుచున్నది. 1995 జనవరి 27 వ తేదీన అహమదాబాదులోని వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రము వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు, శ్రామికుని ఆరోగ్యము అతని జీవించు హక్కులో భాగమని తీర్పుచెప్పి, ప్రతి శ్రామికుని ఆరోగ్య వివరములను పనిలో చేరినది మొదలు 40 ఏండ్లు గాని, పని మానిన పిదప 15 ఏండ్లు గాని, ఏది తరువాత వచ్చునో అంతవరకు భద్రపరుపవలెనని ఆజ్ఞాపించెను. 2011 లో నిషేధము కోరిన మరియొక వ్యాజ్యమును అదే న్యాయస్థానము త్రోసిపుచ్చెను. మనకు శ్రామికుని రిజిస్టరు ఈ విధముగ లభించినది. భవనపు రిజిస్టరు లభింపలేదు. ఆసుపత్రి గోడలో, కప్పులో ఏమున్నదో వ్రాసియుంచుమని బాధ్యునిపై పెట్టిన శాసనము మనకు లేదు.

శాసనము లేనంతమాత్రమున వ్రాయరాదని లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను ఆసుపత్రి భవనముల నిర్మాణమునకును మరమ్మతునకును వైద్యసేవల సంస్థలు కలవు. వానిలో ఇంజనీర్లు కలరు. ప్రతి పెద్దాసుపత్రికిని సూపరింటెండెంటు కలడు. పాత ఆసుపత్రులు కూల్చి క్రొత్తవి కట్టు పథకములు నేడు విరివిగ సాగుచున్నవి గనుక, కూల్చు టెండరు పిలుచుటకు ముందే ఆ భవనమును నడచి చూచి, ఏ సంవత్సరమున ఏ భాగము కట్టిరో, రేకు ఎచ్చట, పలక ఎచ్చట, గొట్టపు కట్టు ఎచ్చట ఉన్నవో, అనుమానము గల తునకను ప్రయోగశాలకు పంపగా ఏమి తేలెనో తెలుగులో ఒక పుస్తకమున వ్రాయింపుడని వారిని కోరుచున్నాను. ఆ పుస్తకము సూపరింటెండెంటు బీరువాలో నుండరాదు. రేకు విప్పవచ్చిన మేస్త్రీకి, రంధ్రము పొడువవచ్చిన కరెంటుపనివానికి చదివి వినిపించునట్లు మరమ్మతుల గదిలో బల్లమీద నుండవలెను. తడిపి విప్పుటకు నీటిగొట్టము, ముక్కునకు తగిన ముసుగు, పెంకులు కట్టుటకు దళసరి సంచులు టెండరు ఖర్చులోనే చేర్పవలెను. ఏలయన, చేర్పని ఖర్చును కూలివాడు తన ఊపిరితో చెల్లించును.